గార్నెట్ రేణువు కథ

ఈ కథలోని గార్నెట్ రేణువు సుమారు 100 కోట్ల సంవత్సరాల కిందట, భూమి లోతుల్లోని తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ పూర్వపు మట్టిశిలలు ఖొండలైటుగా మారినప్పుడు, ఎర్రని స్ఫటికంగా ఏర్పడింది. కొయ్యూరు మన్యంతో సహా తూర్పు కనుమల్లో విస్తరించిన శిల అది. వానలకు ఆ శిల చివికి, విడిపోయిన రేణువు సీలేరులో పడి, శబరి వెంట కూనవరం వద్ద గోదావరిని చేరి, 1852లో ఆనకట్ట పూర్తికాకముందే ధవళేశ్వరం దాటి, యానాం దిగువన గౌతమి నదీముఖంలో నిలిచింది. అక్కడ ఉప్పునీరు తగలగానే ఒండ్రులోని సన్నని బంకమట్టి కణాల మధ్య విద్యుత్ వికర్షణ తగ్గి, అవి ముద్దకట్టి అడుగుకు దిగుతాయి; దక్కను లావా నేలల నుంచి వచ్చిన ఆ నల్లని బురదలోనే ఈ రేణువు కూరుకుపోయింది.

ఆ రేణువును పైకి తెచ్చింది పరిశోధకుల వాన్ వీన్ గ్రాబ్, అంటే అడుగు తాకాక తాడు లాగితే రెండు దవడలు మూసుకొని బురదను పట్టే లోహపు పరికరం. అయితే పొరల వరుస తెలియాలంటే గొట్టాన్ని నిలువునా దించి కోర్ తీయవలసిందే. అదే చోట నిస్కిన్ సీసాతో, అంటే తాడు వెంట జారవిడిచిన బరువు తగిలి రెండు చివరల మూతలూ పడే గొట్టంతో, పైనీటినీ అడుగునీటినీ వేర్వేరుగా పట్టారు. ఎందుకంటే పైన మంచినీరు పారుతున్నా అడుగున సముద్రపు నీరు ఎగువకు చొరబడి ఉండవచ్చు. కరిగిన ఆక్సిజన్ విషయంలో ఆలస్యం పనికిరాదు: 1888లో వింక్లర్ ప్రకటించిన పద్ధతి ప్రకారం పడవ మీదే మాంగనీసు లవణాన్నీ క్షారయుక్త అయోడైడ్‌నూ కలిపితే, ఆక్సిజన్ గోధుమరంగు అవక్షేపంలో బంధింపబడి, ఆమ్లం పోసి టైట్రేషన్ చేసేదాకా నిలిచి ఉంటుంది. చోటు, లోతు, పోటుపాటుల వేళ రాయని నమూనా ఎంత ఖరీదైన యంత్రానికి అందించినా నిష్ప్రయోజనమే.

ప్రయోగశాలలో సేంద్రియ కార్బన్ కొలవడానికి బురదలో కొంత భాగాన్ని ముందే వేరుచేసి, మిగిలినదానిలోని సేంద్రియ పదార్థాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తొలగించారు. సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ బంకముద్దలను విడదీయగా, 63 మైక్రాన్ల జల్లెడ మీద ఇసుక మిగిలింది. ఆ ఇసుకను గాలిని బయటికి లాగే గదిలో, 2.89 సాంద్రత గల విషద్రవమైన బ్రోమోఫాంలో వేసినప్పుడు, 2.65 సాంద్రత గల స్ఫటికశిల (క్వార్ట్జ్) రేణువులు తేలిపోగా, దాదాపు 4 సాంద్రత గల గార్నెట్ మునిగింది. సూక్ష్మదర్శినిలో, అడ్డంగా అమర్చిన రెండు ధ్రువణ ఫలకాల నడుమ, ఎటు తిప్పినా అది చీకటిగానే కనిపించి తన జాతిని సూచించింది; పక్కనే దక్కను బసాల్టు నుంచి వచ్చిన ఆగైట్ ఖనిజం రంగులతో మెరిసింది. ఈ రెండింటి నిష్పత్తి ఏ కొండ ఎంత ఇసుకనిచ్చిందో సూచిస్తుంది. అయితే బరువైన గార్నెట్‌ను ప్రవాహమే ఏరి ఒకచోట పోగుచేయగలదు గనుక, ఒకే పరిమాణపు రేణువులను మాత్రమే లెక్కించి పోల్చాలి.