టోక్యో మీద ఒక్కరోజు దండయాత్ర

మనవాళ్లు జపాన్ వెళ్లడం ఎక్కువైంది. సంతోషమే. వీసాలు, టికెట్లు, యెన్ల లెక్కలు అన్నీ దాటుకుని వెళ్లి, టోక్యోకి మాత్రం ఒక్కరోజు విదిలిస్తారు. ఆ రోజుకని ఇంటాయన ఎక్సెల్‌లో వేసిన పట్టిక చూస్తే అక్కడి రైల్వేవాళ్లే సిగ్గుపడాలి. ఎనిమిదికి అసకుస, పదికి స్కైట్రీ, రెండుకి మెయిజీ మందిరం, నాలుగుకి షిబుయ, ఆరుకి షింజుకు. భోజనం గడిలో 'దారిలో' అని ఉంటుంది. నానమ్మ మోకాళ్లకు అసలు గడే ఉండదు.

అసకుసలో సెన్సోజీ గుడి. 628లో సుమిద నదిలో వల వేసిన అన్నదమ్ములకు అవలోకితేశ్వరుడి విగ్రహం దొరికిందని స్థలపురాణం. వినే తీరిక ఎవరికి? అక్కడ వంద యెన్లు వేసి లోహపు డబ్బాను గలగలలాడిస్తే, చిన్న కన్నంలోంచి ఓ పుల్ల బయటికొస్తుంది. పుల్ల మీదున్న అంకె గల సొరుగు లాగితే మన అదృష్టం రాసిన చీటీ. ఈ గుడిలో చెడ్డ చీటీలు కాస్త ఎక్కువే వస్తాయని పేరు. వస్తే అక్కడే కట్టేసి, కీడు అక్కడే వదిలేసి రావచ్చు. మనవాళ్లు డబ్బా ఊపుతారు, వీడియో తీస్తారు, సొరుగు లాగేలోపు 'స్కైట్రీ టైమైపోతోంది!' అని కేక. పుల్ల మళ్లీ డబ్బాలోకి. అయినా ఆ రోజు గ్రహచారం తెలియడానికి చీటీ దేనికి, ఎక్సెల్ ఉందిగా.

స్కైట్రీ ఎత్తు 634 మీటర్లు. పైకెక్కి ఇంటాయన 'చూశారా, ఊరంతా ఇక్కణ్నించే కనిపిస్తోంది' అంటాడు. మరి మిగతా పట్టిక దేనికని అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు.

కింద స్టేషన్ దగ్గర చిన్నపిల్ల పానీయాల మెషిన్ ముందు నిలబడిపోతుంది. ఒకే పెట్టెలో ఎర్ర లేబుల్ మీట నొక్కితే కాగే కాఫీ, నీలం నొక్కితే చల్లటి టీ! పట్టికలో లేదు కాబట్టి అది వింత కాదు. పిల్లని రెక్క పట్టుకుని లాక్కెళతారు. ఊళ్లో ఆ పిల్ల ఒక్కతే టోక్యో చూస్తోందని నా అనుమానం.

షిబుయలో విశేషం రోడ్డు దాటడం. అమీర్‌పేటలో ప్రాణాలు అరచేత పెట్టుకుని రోజూ ఉచితంగా చేసే పనిని, నాలుగువైపులా బళ్లు బుద్ధిగా ఆగినచోట లక్షలు పోసి చేయడమన్నమాట. పక్కనే హచికో విగ్రహం. యజమాని ప్రొఫెసర్ ఉయెనో 1925లో పోతే, 1935లో తను పోయేదాకా స్టేషన్ దగ్గర ఎదురుచూసిన కుక్క. దాని పక్కన ఫొటోకి పదిమంది క్యూ. 'ఇంతసేపు ఎవరుంటారు, దూరం నుంచి జూమ్ చెయ్' అంటాడు ఇంటాయన.

షింజుకు స్టేషన్‌కి 200కి పైగా ద్వారాలు. పట్టికలో ఒక్కటే ఉంది. అది దొరికేసరికి షింజుకుకి కేటాయించిన గంటన్నర అయిపోతుంది. షింజుకు చూసినట్టే లెక్క.

ఒక పేటే చూసొస్తే ఏ కొంప మునుగుతుంది? అసకుస నుంచి షిబుయ వెళ్లే గింజా లైన్ 1927లో మొదలైంది, రేపూ నడుస్తుంది. కానీ ఈ తిరుగుడు టోక్యో కోసం కాదు, తిరిగొచ్చాక తోడల్లుడికి చెప్పడం కోసం. చెబుతాడు కూడా. ఆయన కాఫీ చప్పరిస్తూ అంతా విని, 'అంతేనా? మేం అదే రోజు డిస్నీలాండ్ కూడా కొట్టేశాం' అంటాడు.