పేరు చెక్కాల్సిన పలక

ఇబ్రహీంపట్నంలో పతకాల సారంటే తెలియనివాళ్లు తక్కువ. సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. పింఛనులో ఇంటి ఖర్చు పోగా మిగిలిందంతా యూరప్ రాజులు తమ వీరులకిచ్చిన పాత శిలువలూ నక్షత్రాలూ కొనడానికే పోయేది. గురువారం వచ్చిందంటే సాగర్ రోడ్డు మీద బస్సెక్కి పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజార్‌కు వెళ్లేవారు. తుప్పు పట్టిన తాళాలు, ఆగిపోయిన గడియారాల మధ్య ఎనామిల్ ముక్క తళుక్కుమంటే చాలు, అక్కడే గొంతుక్కూర్చునేవారు.

వాటిని చూపించేటప్పుడు ఆయన్ని చూడాలి. ఫ్రాన్సు వాళ్ల లెజియన్ ద హానర్‌ను అరచేతిలో పెట్టుకుని, "1802లో నెపోలియన్ పెట్టాడు దీన్ని. అయిదు రెక్కలు, పది కొనలు. అమ్మినవాడు నెపోలియన్ కాలందే అన్నాడు గానీ, నడుమ 1870 అని ఉంది చూడండి, ఇది మూడో రిపబ్లిక్ నాటిది" అనేవారు. ఎనిమిది కొనల తెల్ల శిలువ దగ్గరికొస్తే జెరూసలేంలో యాత్రికులకు వైద్యం చేసి, చివరికి మాల్టా ద్వీపం చేరిన వీరుల కథ మొదలయ్యేది. స్టార్ ఆఫ్ ఇండియా మాత్రం ఆయన దగ్గర లేదు. 1861లో విక్టోరియా రాణి దాన్ని ఏర్పాటు చేసినప్పుడు తొలి జాబితాలోనే మన అయిదో నిజాం అఫ్జలుద్దౌలా ఉన్నాడు. పొందినవారు పోయాక నగను సర్కారుకు తిరిగి అప్పజెప్పాలన్నది దాని నియమం. అందుకే అసలుది బజారుకు రావడం అరుదు.

ఇదంతా బిరుదుల మోజని ఎవరైనా అంటే ఆయన ఊరుకునేవారు కాదు. "బిరుదుల్ని రద్దు చేసిన రాజ్యాంగం 18వ అధికరణాన్ని ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పినవాణ్ని. నాకు బిరుదు కాదు, దాన్ని ఛాతీ మీద పెట్టుకున్న మనిషి కావాలి" అనేవారు. ఆయనలో నేను గౌరవించింది ఆ మాటనే. కానీ గోడ మీది పతకాల్లో ఏ ఒక్కటీ ఎవరిదో ఆయనకు తెలియదు. ఆ వెలితి ఆయన్ని తినేసేది.

ఇబ్రహీం కుతుబ్‌షా కాలపు పెద్ద చెరువుకు దిగువన, ప్లాట్ల ధరలు పెరిగి పాత ఇళ్లు ఒక్కొక్కటే కూలుతున్న రోజుల్లో ఒక ముసలావిడ రేకు పెట్టె పట్టుకుని సారు గుమ్మంలోకి వచ్చింది.

"పైసలొద్దు సారూ. మా తాతలు ముగ్గురన్నదమ్ములు. ముగ్గురూ నిజాం ఫౌజులనే ఉండిరి. గీ నిషాని ఆ ముగ్గుర్ల ఎవలిదో మాకు ఎరుకలేదు. ఇల్లు పోతున్నది, పేరన్న తెలుస్తే గంతే సాలు" అంది.

పెట్టెలో ఊదారంగు రిబ్బనుకు వేలాడుతూ, బంగారు నీరు పోసిన వెండి శిలువ. నడుమ గుండ్రంలో కూర్చున్న బ్రిటానియా. సారు చేతులు వణికాయి. ఆర్డర్ ఆఫ్ ది బ్రిటిష్ ఎంపైర్, ఆఫీసర్ తరగతిది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1917లో అయిదో జార్జి ఈ ఆర్డర్‌ను పెట్టాడు. అందులో అత్యున్నత తరగతిని ఆ ఏడే మన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు ఇచ్చాడు. అదే వరసలో నాలుగో తరగతి మన ఊరి ఇంటికి వచ్చింది! వెనకవైపు భూతద్దం పెట్టి చూస్తే వెండి నాణ్యత ముద్రల పక్కన చిన్న 'డి' అక్షరం. అంటే లండన్‌లో 1919లో ముద్ర పడిన సరుకు. ఏడాది తెలిసింది, తరగతి తెలిసింది. పేరు ఎక్కడా లేదు.

పెట్టె అడుగున ఇంకోటి కూడా ఉంది. నల్లబడిపోయిన గుండ్రటి వెండి బిళ్ళ. ఒక ముఖాన జార్జి తల, రెండో ముఖాన గుర్రం మీద మనిషి. సారు అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేశారు. యుద్ధంలో పనిచేసినవాళ్లందరికీ ఇచ్చిన పతకం, సుమారు 65 లక్షలు పంచారట. "ఇది ఆర్డర్ కాదు, నా గోడ మీద దీనికి చోటు లేదు" అన్నారు.

ఆ తర్వాత సారు పడ్డ తపన నేను దగ్గరుండి చూశాను. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ మెట్లు ఎక్కీ దిగీ అలసిపోయారు. హైదరాబాద్ లాన్సర్లు 1914లో ఈజిప్టుకు వెళ్లి సూయజ్ కాలువకు కాపలా కాయడం, ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గరి మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్ల పేరనే నిలవడం, ఇవన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నారు. ముగ్గురన్నదమ్ముల్లో శిలువ ఎవరిదన్నది మాత్రం తేలలేదు. ముసలావిడ అప్పుడప్పుడూ వచ్చి గుమ్మంలో కూర్చునేది. "తెలిసిందా సారూ?" అనేది. ఆయన తల దించుకునేవారు.

ఎప్పటికైనా తెలుస్తుందన్న నమ్మకంతో సారు ఒక పని చేశారు. శిలువకు నల్ల మఖ్మల్ పరిచిన అద్దాల పెట్టె చేయించి, కింద పేరు చెక్కించడానికి వెండి పలక పెట్టాలనుకున్నారు. "మూడు తులాలైతది సారూ" అన్నాడు బజారులోని అవుసలాయన. వెండి కొనే పని పడలేదు. ఆ నల్లబడిన బిళ్ళ తూకం సరిగ్గా సరిపోయింది. అవుసలాయన దాన్ని మూసలో కరిగించి, సాగగొట్టి, అద్దంలా మెరుగు పెట్టి ఇచ్చాడు. పేరు దొరగ్గానే వచ్చి చెక్కిపోతానన్నాడు, మజూరీ కూడా తీసుకోకుండా.

కిందటి దసరాకు సికింద్రాబాద్ నుంచి ఒక రిటైర్డ్ ఫౌజీ వచ్చారు. ఆయనవి యుద్ధ పతకాలు, సారువి రాజుల శిలువలు. మాటలు బాగా కలిశాయి. ముసలావిడ కూడా వచ్చి ఉంది. శిలువను చూసి ఫౌజీ చాలాసేపు మెచ్చుకున్నారు. కింద ఖాళీ పలక చూసి సంగతేమిటని అడిగారు. సారు చెప్పారు.

"పేరు శిలువ మీద వెతికితే ఎలా దొరుకుతుంది సార్?" అన్నారు ఫౌజీ. "వాళ్లు ఆర్డర్ల మీద పేర్లు వేసేవాళ్లు కాదు. దీంతోపాటు యుద్ధ పతకం రాలేదా? గుండ్రంగా, జార్జి బొమ్మతో?"

"వచ్చింది. అందరికీ ఇచ్చిందే కదా."

"అందరికీ ఇచ్చారు కాబట్టే, ఎవరిది వాళ్లకు చేరాలని ఒక్కోదాని అంచు మీద హోదా, పేరు, దళం ముద్ర కొట్టారు. ముఖాల మీద కాదు, అంచు మీద. ఆర్డర్ ఎవరిదో మేం తేల్చుకునేది పక్కనున్న ఆ బిళ్ళను చదివే. 1980లో వెండి ధర ఎగిసినప్పుడు ఇంగ్లండ్‌లో వాటిని లెక్కలేనన్ని కరిగించేశారు, పాపం. మీ దగ్గర ఉండటం అదృష్టం."

ముసలావిడ లేచి దగ్గరికొచ్చింది. ఫౌజీ కళ్లజోడు సర్దుకుని చెయ్యి చాచారు.

"ఏదీ, ఇటివ్వండి. ఈ అమ్మకు ఇప్పుడే పేరు చదివి చెప్తాను."

సారు అద్దాల పెట్టె తెరిచి, వెండి పలకను తీసి ఆయన చేతిలో పెట్టారు.