అందింది... కానీ అందలేదు!

ఆన్‌లైన్ కొనుగోలుదారుల్లో ఒక రకం ఉంది. సరుకు బీరువాలో, 'అందలేదు' అన్న ఫిర్యాదు యాప్‌లో, డబ్బు తిరిగి ఖాతాలో!

నెల్లూరు దగ్గరి కృష్ణపట్నం రేవులో ఈ విద్య చెల్లదు. 2008లో మొదలైన ఆ రేవుకు ఓడల కొద్దీ బొగ్గు వస్తుంది. ఓడ సరుకుకు బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడవారి సరుకు రసీదు), డెలివరీ ఆర్డర్, కస్టమ్స్ అనుమతి అంటూ అడుగడుగునా కాగితమే. 'బొగ్గు రాలేదండీ' అనే నోరు ఎవరికీ లేదు. అదే నెల్లూరు దారిన వచ్చే వెంకటగిరి చీరకైతే ఓటీపీ, ఫొటో, సంతకం మూడూ ఉన్నా 'అందలేదు' అన్న ఒక్క మాటే గెలుస్తుంది.

చట్టం అమ్మకందారు వైపే ఉంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 39వ సెక్షన్ ప్రకారం, పంపమన్న సరుకును రవాణాదారుకు అప్పగిస్తే ప్రాథమికంగా కొన్నవారికి అందినట్టే లెక్క. అబద్ధమాడి సొమ్ము రాబట్టడం భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం. శిక్ష ఏడేళ్ల దాకా. అయితే స్టేషన్ చుట్టూ, కోర్టు చుట్టూ తిరిగే ఖర్చు చీర ఖరీదును దాటిపోతుంది. ఈ లెక్క లాయరు కన్నా కొనుగోలుదారుకే బాగా తెలుసు.

అమ్మకందారుకు మిగిలిన ఆధారాలు నాలుగు: ప్యాకింగ్ వీడియో, తూకం రసీదు, ఓటీపీ, పెళ్లిలో అదే చీర కట్టుకుని దిగిన కొనుగోలుదారు వాట్సాప్ స్టేటస్.