గుండె పట్టుకునే హక్కు



ఈ దేశంలో ఇంటి యజమానికి ఏయే హక్కులున్నాయో నాకు పూర్తిగా తెలియదు. ఉన్నవాటిలో ఆఖరిదాన్ని మాత్రం ఈమధ్య యంత్రాలు పెట్టి మరీ లాగేసుకున్నారని తమ దృష్టికి తెస్తున్నాను. అది గుండె పట్టుకునే హక్కు.

తెలుగు సినిమాలు చూసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. కూతురు ఒప్పుకోని సంబంధానికి తల ఊపాలన్నా, కొడుకు వేరు కాపురం మాట మానుకోవాలన్నా తండ్రి లేచి నిలబడి, ఛాతీ పట్టుకుని, పడక్కుర్చీలో కూలబడేవాడు. డాక్టరుగారు గదిలోంచి బయటికొచ్చి, కళ్లజోడు తీసి, ఆయన మనసు కష్టపెట్టొద్దని చెప్పేవాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ నోరెత్తేవాళ్లు కాదు.

మా నాన్నగారు ఈ విద్యలో దిట్ట. ఆయనకున్న సౌకర్యమేమిటంటే, ఆ రోజుల్లో మా ఊరి డాక్టరుకు ఉన్నవి ఒక స్టెతస్కోపు, ఒక ఈసీజీ మిషను. రెండోది కనిపెట్టిన డచ్చి దేశస్థుడు ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ ఇచ్చారు. ఇవ్వవలసిందే. ఎంత మర్యాదస్తుడైన యంత్రమనుకున్నారు! నొప్పి లేని సమయంలో తీస్తే, లోపల జబ్బున్నా సరే, చాలాసార్లు గీత శుభ్రంగానే వస్తుంది. అందుచేత డాక్టరు కాగితం చుట్ట చుడుతూ "ఈసీజీలో ఏమీ లేదు, అయినా జాగ్రత్తగా ఉండాలి" అనేవాడు. ఆ 'అయినా' మీద మా నాన్నగారు బతికినన్నాళ్లూ రాజ్యం చేశారు.

దాని పైమెట్టు యాంజియోగ్రాం. దానికో గౌరవం ఉండేది. 1929లో ఫోర్స్‌మన్ అనే జర్మన్ కుర్రడాక్టరు తన చేతి నరంలోంచి తానే గొట్టం దూర్చుకుని, అది గుండెదాకా చేరిందో లేదో చూసుకోవడానికి ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లాడు. 1958లో అమెరికాలోని క్లీవ్‌లండ్‌లో మేసన్ సోన్స్ అనే ఆయన చేతిలో రంగుమందు పొరపాటున నేరుగా గుండె రక్తనాళంలోకి పోతే, రోగి పోయాడనే అనుకున్నారు. పోలేదు సరికదా, గుండె నాళాల బొమ్మ స్పష్టంగా వచ్చింది. అలా పుట్టిన పరీక్ష కనుక తొడ దగ్గరో మణికట్టు దగ్గరో గుచ్చాలి, సంతకాలు పెట్టించుకోవాలి, దగ్గరివాళ్లు ఒకరు బయట బెంచీ మీద కూర్చోవాలి. ఇంటి గొడవల కోసం అంత దూరం ఎవరూ వెళ్లరు. ఆ భయమే యజమానికి రక్ష.

ఇప్పుడు గాటు లేదు, గొట్టం లేదు. గుండె తలుపు తట్టకుండానే లోపలికి చూసి వస్తున్నారు.

నా సంగతి చెబుతాను. నిరుడు మా ఇంట్లో మాడ్యులర్ కిచెన్ ప్రతిపాదన వచ్చింది. మా అమ్మ కాలం నుంచి ఆవకాయ జాడీలు మోస్తున్న కడప బండల అరలు పనికిరావట. కొటేషన్ నా చేతికిచ్చారు. ఆఖరి పంక్తి చదివాను, గుండె పట్టుకున్నాను. నొప్పి వచ్చిందా లేదా అన్నది నాకూ అన్నవరం సత్యదేవుడికీ మధ్య ఉండవలసిన విషయం. మా నాన్నగారి హయాంలో అయితే ఆ కాగితం అక్కడే చిరిగేది. మా అల్లుడు ఫోన్ తీసి, ఏదో నొక్కి, "మావయ్యగారూ, రేపు పొద్దున్నే స్లాట్ దొరికింది, పరగడుపున రమ్మన్నారు" అన్నాడు.

మొదట టూడీ ఎకో. చల్లటి జిగురు రాసి, పక్కటెముకల సందుల్లో ఒక పరికరం ఆనించి అదిమారు. చెవికి అందని శబ్దాన్ని లోపలికి పంపితే అది గుండె గోడలకు తగిలి తిరిగొస్తుంది, దాన్నిబట్టి బొమ్మ గీస్తారు. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్ అనే డాక్టరు, హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్త దీన్ని మొదలెట్టారు. అంతకుముందు ఆ యంత్రం పని లోహంలో కనబడని బీటలు వెతకడం. పక్కనున్న మాల్మో రేవులో ఓడలు కట్టేచోట అలాంటిదొకటి ఉంటే హెర్ట్జ్ వెళ్లి చూసొచ్చాడు. ఓడల మానాన ఓడలను ఉండనివ్వక మనుషుల మీదికి తేవడం ఏమి న్యాయమో పెద్దలు ఆలోచించాలి.

ఎకో రిపోర్టులో ఎజెక్షన్ ఫ్రాక్షన్ 60 శాతం అని రాసిచ్చారు. మా ఆవిడ పిల్లల ప్రోగ్రెస్ కార్డులు చూసిన కళ్లతో చూసి, "ఏవండీ, మిగతా నలభై ఏమైనట్టు?" అంది. ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కో కొట్టుకు ఎంత బయటికి నెడుతుందో ఆ లెక్క అనీ, ఎంత ఆరోగ్యవంతుడికైనా యాభై అయిదుకీ డెబ్భైకీ మధ్యే వస్తుందనీ, నూటికి నూరు ఎవరికీ రాదనీ డాక్టరు వివరించాడు. ఆవిడ నమ్మలేదు. నేను ఫస్టు క్లాసుతో నెట్టుకొచ్చాననే మా ఇంట్లో తీర్మానం.

తర్వాత ట్రెడ్‌మిల్. మూడేసి నిమిషాలకొకసారి వేగమూ ఎత్తూ పెంచుతూ పోతారు. దాని గురించి ఎక్కువ చెప్పను. అందులో ఏదో తేలీతేలనట్టు రావడంతో నాకు కాస్త ఆశ కలిగింది. మళ్లీ ఆ 'అయినా' ఛాయలు కనబడ్డాయి. డాక్టరు ఆ ఆశను నిలవనివ్వలేదు. "సందేహం ఎందుకు, సీటీ యాంజియో చేసేద్దాం" అన్నాడు.

ఈ సీటీ గురించి నాకు ప్రత్యేకంగా కోపం. కనిపెట్టిన హౌన్స్‌ఫీల్డ్ పనిచేసింది ఈఎంఐ కంపెనీలో. కుక్క బొమ్మ రికార్డుల హెచ్ఎంవీ వాళ్లదే. పాటలు అమ్ముకుంటూ సుఖంగా ఉండక 1971లో లండన్‌లో ఒక రోగి మెదడును పొరలు పొరలుగా ఫొటో తీశారు. 1979లో ఆయనకూ, అమెరికాలో ఉన్న కోర్మాక్‌కూ కలిపి నోబెల్. మెదడు కదలదు కనుక తీశారు, బాగుంది. గుండె అలా కాదు, రోజుకు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఆ ఒక్క కదలికే చాలాకాలం దాన్ని కాపాడింది. యంత్రాల వేగం పెరిగి, 2004 ప్రాంతంలో ఒక్క చుట్టులో అరవై నాలుగు పొరలు తీసేవి వచ్చాక ఆ రక్షణ కూడా పోయింది. ఇప్పుడు ఈసీజీ చూసుకుంటూ, రెండు కొట్ల నడుమ గుండె కాస్త సేదతీరే క్షణాన్ని పట్టి బొమ్మ తీస్తారు. ఆ క్షణం పొడుగ్గా ఉండాలంటే గుండె నిమిషానికి అరవై, అరవై అయిదుకు మించి కొట్టుకోకూడదు. కాఫీ మానమన్నారు, మాత్ర మింగించారు. నా గుండె అరవైకి దిగే పరిస్థితి నా ఇంట్లో ఉంటే నేను ఇక్కడికి ఎందుకొస్తాను?

ముందుగా క్రియాటినిన్ చూశారు, రంగుమందు మూత్రపిండాల గుండా పోవాలి కనుక. నాళాలు విచ్చుకోవడానికి నాలుక కింద మందు పెట్టారు. చేతికి సూది గుచ్చి బల్ల మీద పడుకోబెట్టి, "అంకుల్, మందు ఎక్కగానే ఒళ్లంతా వేడెక్కుతుంది, పంచె తడిసినట్టు అనిపిస్తుంది, కంగారుపడకండి, అది అనిపించడం మాత్రమే" అన్నాడు టెక్నీషియన్ కుర్రాడు. అచ్చం అలాగే అనిపించింది. ఊపిరి బిగబట్టమన్నాడు, బిగబట్టాను, అయిపోయిందన్నాడు. నా జీవితకాలపు రహస్యం తీయడానికి పట్టింది ఒక్క ఊపిరి. ఆ 'అనిపించడం మాత్రమే' అన్న ముక్కను మా అల్లుడు అద్దం అవతల నిలబడి విన్నాడు. తర్వాత నా ఛాతీ నొప్పికి దాన్నే వాడాడు.

ఇంకో అన్యాయం. పూర్వం గుండె పరీక్ష అంటే బంధువులు బత్తాయిలు, హార్లిక్సు సీసాలు పట్టుకుని పరామర్శకు వచ్చేవారు. దీనికి పొద్దున్న వెళ్లి మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాం. వచ్చే దారిలో నాచేతే పెరుగు ప్యాకెట్లు కొనిపించారు.

రిపోర్టు నాకంటే ముందు అల్లుడి వాట్సాప్‌కు వచ్చింది. అక్కడినుంచి డల్లాస్‌లో ఉన్న మావాడికి వెళ్లింది. నేను చూసేసరికి చర్చ ముగిసింది. నాళాల్లో అడ్డంకి ఏదీ లేదు. కాల్షియం స్కోరు పదకొండు.

ఈ కాల్షియం స్కోరు సంగతి మరీ దారుణం. గుండె నాళాల గోడల్లో కొవ్వు పేరుకుని, ఏళ్లు గడిచి, గట్టిపడినచోట సున్నం చేరుతుంది. ఎంత మేర, ఎంత చిక్కగా చేరిందో లెక్కగట్టే పద్ధతిని 1990లో అగాట్‌స్టన్ అనే అమెరికన్ డాక్టరు, ఆయన తోటివారు ప్రకటించారు. దీనికి రంగుమందు కూడా అక్కర్లేదు. సున్నా వస్తే ఘనత, నాలుగు వందలు దాటితే ప్రమాదం. ఈ లెక్క చాలదన్నట్టు ఆ పెద్దమనిషి 2003లో ఏం తినాలో ఏం తినకూడదో చెబుతూ ఒక పుస్తకం కూడా రాశాడు.

నా పదకొండుతో నాకు ఒరిగిందేమిటి? మా తోడల్లుడికి నాలుగు వందల పైచిలుకు. ఆయన దగ్గితే ఇల్లంతా లేచి నిలబడుతుంది. ఆయనకు న్యూక్లియర్ స్కాన్ చేశారు. రక్తం ఏ కండకు అందుతోందో చూడటానికి టెక్నీషియం అనే మందు ఎక్కించారు, దాని శక్తి ఆరు గంటలకు సగం అవుతుందట. ఆ పూట మనవడిని ఎత్తుకోవద్దంటే ఆయన దాన్ని కూడా హోదాగానే చెప్పుకున్నాడు. ఎమ్మారైకి ముందు ఒంటిమీద లోహం ఉండకూడదని నవరత్నాల ఉంగరాన్ని సబ్బు రాసి లాగారు. పాత దెబ్బ తాలూకు మచ్చ గుండె కండలో ఎక్కడుందో అందులో తెలుస్తుందట. మచ్చ తేలింది. ఆయన ఆ సీడీని పెళ్లి ఆల్బం పక్కన పెట్టుకున్నాడు. ఆయనకు ఆ గౌరవం తగును, కాదనను. నా పదకొండు మాత్రం నెయ్యి మాన్పించడానికి సరిపోయింది, మాట చెల్లించుకోవడానికి సరిపోలేదు. పైగా సీటీ గుండె ఒక్కదానితో ఆగదు, చుట్టుపక్కలవాటిని కూడా చూస్తుంది. కాలేయానికి కొవ్వు పట్టిందని కింద రాశారు. సాయంకాలం పకోడీలు దానితో పోయాయి.

నేను ఊరుకోలేదు. మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లి, పెద్ద నాళాలు బాగున్నా నొప్పి రావచ్చు కదా అని అడిగాను. వస్తుందన్నాడు. సీటీకి కనబడనంత సన్నని నాళాల్లో లోపం ఉంటే నొప్పి నిజంగానే వస్తుందట. ప్రాణం లేచి వచ్చింది. "కాకపోతే దానికి కూడా పెట్ స్కాన్‌లో, ఎమ్మారైలో రక్తం ఎంత పారుతోందో కొలవొచ్చు" అన్నాడు మా అల్లుడు, అడగకుండానే. వీడికి ఇవన్నీ ఎవరు నేర్పుతున్నారో! అంతటితో ఆగక ఇంకో లెక్క చెప్పాడు. స్కాట్లండ్‌లో ఛాతీ నొప్పితో వచ్చిన 4,146 మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి మామూలు పరీక్షలతో పాటు సీటీ కూడా తీశారట. అయిదేళ్లలో గుండెజబ్బుతో పోయినవాళ్లు, గుండెపోటు వచ్చినవాళ్లు కలిపి సీటీ తీసినవాళ్లలో 2.3 శాతం, తీయనివాళ్లలో 3.9 శాతం. 2018లో ఫలితాలు వచ్చాయి. బొమ్మ చూశాక ఎవరికి మందు కావాలో తెలిసి ఇవ్వడం వల్లే అంటున్నారు. దీనికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేని మాట మాట్లాడే అల్లుడు ఇంటికి మంచివాడు కాదు.

డాక్టరు ఒక్క మాట మాత్రం నవ్వకుండా చెప్పాడు. ఛాతీ బిగుసుకుపోయి, చెమటలు పట్టి, నొప్పి చేతికో దవడకో పాకితే స్కాన్ స్లాట్ కోసం చూడకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఈ స్కాన్లన్నీ నిలకడగా ఉన్నవాళ్లకు. అంటే నిజం నొప్పికి ఒక దారి, కొటేషన్ నొప్పికి ఒక దారి ముందే వేసి ఉంచారన్నమాట.

వంటగది పూర్తయింది. కడప బండలు పెరట్లో పడి ఉన్నాయి. కాబట్టి తోటి యజమానులకు నాదొక విన్నపం. స్కాన్ తప్పనప్పుడు తప్పక తీయించుకోండి, డాక్టరు చెప్పిన మాత్రలు మింగండి. రిపోర్టు పంపడానికి ఫోన్ నంబరు అడిగే కౌంటరు దగ్గర మాత్రం, అల్లుడు నోరు తెరిచేలోగా, మీ నంబరు మీరే చెప్పండి.