మూడో వంతు ఆవు

బ్రెజిల్‌లో వియాటినా-19 అని ఒక ఆవు ఉంది. బరువు 1,101 కిలోలు. 2023లో ఆవిడను వేలం వేశారు. ఆవిడను అంటే మొత్తం కాదు, మూడో వంతే. ఆ వాటాకు పలికిన ధరను బట్టి లెక్కేస్తే ఆవు ఖరీదు 43 లక్షల డాలర్లని తేలి గిన్నిస్‌కెక్కింది. మూతి ఎవరిది, పొదుగు ఎవరిది అన్న పేచీ రాలేదు. మన దగ్గరైతే పొలం గట్టుకే మూడు తరాలు కోర్టు మెట్లెక్కుతాయి.

ఇంతకీ ఆవిడ మన ఆడపడుచే. అక్కడి నెలోర్ జాతికి పుట్టిల్లు మన ఒంగోలు. మెట్టినింట్లో మాత్రం ఆ పేరు ఊరికే పెట్టుకోనివ్వరు. దూడ పుట్టగానే ఒక నమోదు. పెరిగాక ఉబెరాబాలోని జెబు (మూపురం పశువుల) పెంపకందార్ల సంఘం మనిషి వచ్చి మూపురం, కాళ్ళు, రంగు పరీక్షించి సరేనంటే శాశ్వత నమోదు. అమ్మితే పుస్తకంలో యజమాని పేరూ మారాలి. 1938 నుంచీ అధికారికంగా ఇదే తంతు. 1960ల మొదట్లో ఇక్కడి నుంచి వెళ్ళిన ఒక గిత్త ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరుతోనే అక్కడి వంశావళుల్లో మూలపురుషుడైంది.

ఇక పుట్టింటి సంగతి. సంతలో దళారి తువ్వాలు కింద వేళ్ళు నొక్కుతాడు, డబ్బు లెక్కపెడతారు, పలుపు చేతులు మారుతుంది. రిజిస్ట్రేషన్ అయిపోయినట్టే. వంశం అడిగామనుకోండి.

"దీని తల్లి ఎవరు?"

"పెద్దిల్లు వాళ్ళ ఆవండీ."

"మరి తండ్రి?"

"సూదండీ."

పుట్టిన తేదీ కావాలంటే నోరు తెరిచి చూసుకోవడమే. బండలాగుడు పోటీల్లో రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలే ఉంటాయి. నిజం చెప్పాలంటే, మన స్కూలు సర్టిఫికెట్లలోని తేదీల కంటే ఆ పళ్ళే నమ్మకం.

సర్కారు ఊరుకోలేదు. చెవికి పన్నెండంకెల పసుపు ట్యాగు కుట్టి, భారత్ పశుధన్ యాప్‌లోకి ఎక్కిస్తోంది. ఏ టీకా ఎప్పుడు వేశారో అందులో ఉంటుంది. జాతి గడి మాత్రం ఒక్కోసారి యజమాని గర్వాన్ని బట్టి నిండుతుంది. ఆవును అమ్మాక పేరు మార్పించే ఓపిక ఇద్దరిలో ఎవరికీ ఉండదు. కొత్త ఇంట్లో రెండు ఈతలు ఈనినా, యాప్‌లో అది పాత ఇంట్లోనే గడ్డి మేస్తుంటుంది. బీమా వాళ్ళదేమో ఒకటే మాట: ట్యాగు లేకపోతే క్లెయిము లేదు. తుమ్మ కంపలో ట్యాగు ఊడిపోయిన ఆవుకు చచ్చిపోయే హక్కు కూడా ఉండదన్నమాట.

మేలుజాతికి మన దగ్గర పుస్తకమే లేదనుకునేరు. కేంద్ర మంద నమోదు పథకం ఉంది, ఒంగోలులో దాని విభాగమూ ఉంది. పాల దిగుబడి కొలిచి మేలైన ఆవులను అందులో ఎక్కిస్తారు. ఈ సంగతి తెలిసిన రైతు ఎక్కడైనా ఎదురైతే, అరుదైన జాతి కింద ముందు ఆయన్నే నమోదు చేయాలి.

నాకున్న భయం వేరు. కరవది గిత్త వారసులంతా రేపు ఓడ దిగి, మీసేవలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టుకున్నారనుకోండి. ఆఫీసు వారు కాగితాలు పక్కకు నెట్టి, ఉబెరాబా ఏ మండలం కిందికొస్తుందో రాసుకుని సోమవారం రమ్మంటారు.