శామీర్‌పేట చెరువు గట్టున జావాస్క్రిప్ట్: పనికొచ్చే చిట్కాలు

మేడ్చల్, శామీర్‌పేట రోడ్ల మీద కాలేజీ బస్సులెక్కే బీటెక్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! చెరువు దగ్గరి హోటల్‌కి బిల్లింగ్ పేజీ చేసిస్తామని మాటిచ్చేశారట. ఆపరేటర్లు ఎలా వాడాలో ఈ సీనియర్ అన్న చెబుతాడు. చిట్కాలు నావి, పూచీ మీది.

1. బాక్సులో టైపు చేసింది చేసినట్టే కలపండి. అందులోంచి వచ్చేది అంకెలా కనిపించినా స్ట్రింగే. బిర్యానీ "200", కూల్‌డ్రింక్ 50. మధ్యలో + పెడితే రెండూ అతుక్కుని "20050" అవుతుంది. ఓనర్ మురిసిపోతాడు. అనుమానముంటే తీసివేతతో టెస్ట్ చేయండి. "200" - 50 బుద్ధిగా 150 ఇస్తుంది, మైనస్‌కి అతికించడం రాదు కాబట్టి. దాన్నే కూడికకీ సర్టిఫికెట్‌గా చూపించండి.

2. ఇఫ్‌లో ఒక్క = చాలు. ఇఫ్ (చెల్లించారు = ట్రూ) అని రాస్తే అది పోల్చదు, చెల్లించినట్టే రాసేసుకుంటుంది. ఇక బాకీదారులే ఉండరు.

3. === జోలికి పోకండి. అది విలువతో పాటు రకం కూడా చూస్తుంది, ఎందుకంత పట్టింపు? == వాడితే 0 == "" నిజం, 0 == "0" నిజం, "" == "0" మాత్రం అబద్ధం. సున్నాకి ఇద్దరూ చుట్టాలే, వాళ్లిద్దరికీ మాత్రం మాటల్లేవు. మన పెళ్లిళ్లలో చూడనిదా!

4. డిఫాల్ట్ విలువకి || పెట్టండి. పార్కింగ్ ఫ్రీ అని ఓనర్ ఫీజు 0 పెడితే, ఫీజు || 30 ఆ సున్నాని కూడా లేనట్టే లెక్కేసి 30 వసూలు చేస్తుంది. సున్నాని సున్నాగా ఉంచి, విలువే లేనప్పుడు మాత్రం కదిలే ?? 2020 ప్రమాణంలో వచ్చింది. కొత్త సరుకు, నమ్మకండి.

5. లెక్కల సారు బోర్డు మీద రాసినట్టే రాయండి. ఔటర్ రింగ్ రోడ్డు మీద మేడ్చల్ 6వ ఎగ్జిట్, శామీర్‌పేట 7. ఈ రెండింట్లో దిగినవాళ్లకే డిస్కౌంట్ అనుకుని 6 <= ఎగ్జిట్ <= 7 అని కొట్టండి. ముందు ఎడమ సగం తేలుతుంది: నిజమైతే 1, అబద్ధమైతే 0. రెండూ 7 లోపే! 16లో, శంషాబాద్ దగ్గర దిగినాయనకీ డిస్కౌంటే. && పెట్టి విడివిడిగా పోలిస్తే 158 కిలోమీటర్ల ఔటర్ మీద మిగతావాళ్లంతా నొచ్చుకుంటారు.

6. పైసల్ని దశాంశాల్లోనే ఉంచండి. 0.1 + 0.2 కి 0.30000000000000004 వస్తుంది. మొత్తం బిల్లు మీద ప్రింట్ చేయండి. రూపాయల్ని పైసలుగా మార్చి పూర్ణాంకాల్లో కూడేవాళ్లకి ఇంత కచ్చితత్వం ఎక్కడిది?

7. ఎవరైనా నిలదీస్తే, బ్రెండన్ ఐక్ 1995 మేలో పది రోజుల్లో తయారుచేసిన భాష అని తప్పు దాని మీదకి నెట్టండి. మీకు నాలుగేళ్లు ఇచ్చారు కదా అని అడిగేలోపు బస్సెక్కండి.

ఇన్ని చేసినా స్క్రీన్ మీద ఒక్క ఎర్రరూ రాలేదు కదా? మౌనం అర్ధాంగీకారం. మిగతా సగం సంగతి కౌంటర్ దగ్గర కస్టమర్ చెబుతాడు.