క్రౌన్ మోత సాధించడమెలా?

సెకండ్ హ్యాండ్ డీజిల్ పికప్ కొన్నవాళ్లకు ఉండే కోరిక చిన్నదే: బండి తిరగాలి, జేబు కదలకూడదు. ఈ కోరిక కొన్నాళ్లపాటు నిక్షేపంగా తీరుతుంది. తీరినన్నాళ్లూ గేర్‌బాక్స్, వెనక ఇరుసులోని క్రౌన్ రెండూ చప్పుడు చేయకుండా అరిగిపోతుంటాయి. తర్వాత చప్పుడు మొదలవుతుంది. నెల్లిమర్ల నుంచి విజయనగరం పోయే రోడ్డు మీదో, రామతీర్థం రోడ్డు మీదో కాసేపు నిలబడండి. బస్తాలో, కూరగాయల ట్రేలో, మే నెలైతే మామిడికాయలో వేసుకుని పికప్‌లు పోతూంటాయి. వాటిలో కొన్ని కాస్త వేగం అందుకోగానే వెనక ఇరుసు దగ్గర్నుంచి సన్నగా ఊళ పెడతాయి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఊళ శ్రుతి మారుతుంది. షెడ్డు భాషలో దీని పేరు క్రౌన్ మోత. ఇది కొత్త బండికి రాదు, ఊరికే కూడా రాదు, శ్రద్ధగా సాధించుకోవాలి. బండి కొన్న కొద్దికాలానికే ఆ స్థాయికి చేరాలనుకునేవారి కోసం ఈ నాలుగు మాటలు.

అన్నిటికన్నా ముందు ‘సర్వీసింగ్’ అనే మాటను గట్టిగా నమ్మండి. అమ్మేవాడు సర్వీసింగ్ అయిపోయిందన్నాడంటే ఇంజన్ ఆయిల్ మార్చాడనీ, వాటర్ సర్వీసింగ్ చేయించి టైర్లకు నల్లరంగు పూశాడనీ అర్థం. బండిలో మూడు చోట్ల మూడు ఆయిళ్లుంటాయి: ఇంజన్లో ఒకటి, గేర్‌బాక్స్‌లో ఒకటి, వెనక హౌసింగ్‌లో క్రౌన్ అనే పెద్ద పళ్లచక్రం, దాన్ని తిప్పే పినియన్ అనే చిన్న పళ్లచక్రం మునిగి ఉండేది ఇంకొకటి. ఇంజన్ ఆయిల్‌కు పుల్ల ఉంది, డ్యాష్‌బోర్డు మీద ఎర్రలైటు ఉంది, అందుకే దాని బాగోగులు అందరూ చూస్తారు. మిగతా రెండింటికీ మన పికప్‌లలో చాలావాటికి పుల్లా లేదు, లైటూ లేదు. చూడాలంటే బండి కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, బోల్టు ఊడదీసి, వేలు పెట్టాలి. మట్టి అంటేలా పడుకోవడం యజమాని హోదాకు తగదు కాబట్టి ఆ జోలికి పోకండి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది తీసిపారేసేది కూడా కాదు. ఇంజన్లో డీజిల్ మండుతుంది, మసి చేరుతుంది, అందుకని ఆయిల్ మారుస్తాం. హౌసింగ్‌లో మండేదేముంది, మసి ఎక్కడిది, ఆయిల్ ఎందుకు పాడవుతుంది? మసి చేరదన్నమాట నిజమే. అయితే అక్కడ జరిగే పని వేరు. 1926లో అమెరికాలో ప్యాకర్డ్ కంపెనీ హైపాయిడ్ అనే పద్ధతిని కార్లలోకి తెచ్చింది. అంతకుముందు పినియన్ క్రౌన్‌కు సరిగ్గా మధ్యరేఖ మీద కలిసేది. హైపాయిడ్‌లో దాన్ని మధ్యరేఖకు కిందికి దించారు. దాంతో షాఫ్టు కిందికి దిగింది, పళ్లకు బలం పెరిగింది, చప్పుడు తగ్గింది. బదులుగా పళ్లు ఒకదానిమీద ఒకటి దొర్లడమే కాకుండా, విపరీతమైన ఒత్తిడి మీద పక్కకు జారుతూ రాసుకుంటాయి. ఆ రాపిడికి మామూలు ఆయిల్ పొర తెగిపోతుంది. అందుకే గేర్ ఆయిల్లో గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు వేస్తారు. పళ్లు రాసుకున్నచోట పుట్టే వేడికి అవి ఇనుముతో కలిసి పలచని పొర కడతాయి. అరిగితే ఆ పొర అరుగుతుంది, పన్ను మిగులుతుంది. పొర కట్టీ కట్టీ ఆ రసాయనాలు అయిపోతాయి, ఇనుప రజను మాత్రం ఆయిల్లోనే ఉండిపోతుంది. ఇంజన్‌కైతే ఫిల్టర్ ఉంది, ఈ హౌసింగ్‌కు లేదు. చాలా బళ్లకు డ్రెయిన్ బోల్టు చివర చిన్న అయస్కాంతం ఒకటి ఉంటుంది, అంతే. క్రౌన్ మోత కావాలనుకునేవారు దాన్ని ఎన్నడూ తుడవరాదు.

ఒకవేళ ఎవరి పోరు పడలేకో ఆయిల్ మార్చాల్సి వచ్చినా నిరాశపడక్కర్లేదు. తప్పు ఆయిల్ పోస్తే మార్చకపోయినంత ఫలితం వస్తుంది. డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని రాసి ఉంటుంది. అయిదు నాలుగు కంటే పెద్దది గనుక అన్నిట్లోకీ మంచిదని దుకాణంలో ఎవరో ఒకరు చెబుతారు, వినండి. జీఎల్-5లో పైన చెప్పిన రసాయనాలు ఎక్కువ, హైపాయిడ్ క్రౌన్‌కు అవి కావాల్సిందే. గేర్‌బాక్స్‌లో గేరు సాఫీగా పడేలా చూసే సింక్రో రింగులు చాలావరకు ఇత్తడివి. కొన్ని రకాల ఆయిళ్లలో ఆ రసాయనాలు ఇత్తడిని మెల్లగా తినేస్తాయి. కొన్నాళ్లకు మూడు నుంచి రెండుకు దించేటప్పుడు గర్రుమంటుంది. డ్రైవరు క్లచ్‌ను తిడతాడు, మెకానిక్ డ్రైవరును తిడతాడు. కొన్ని కంపెనీలు రెండు చోట్లా ఒకే ఆయిల్ పొయ్యమంటాయి కదా అనొచ్చు. నిజమే, ఆ గేర్‌బాక్స్‌ను అలా తయారుచేశారు, పుస్తకంలో అలా రాశారు. మీ బండి పుస్తకం సీటు కింద ఎలుకలకు ఆహారమైపోయి ఉంటే అది వేరే సంగతి.

చిక్కదనం గురించిన నమ్మకం ఇంకా గట్టిది. ఇంజన్‌కు 40, గేర్‌కు 90, అంటే రెట్టింపు పైన చిక్కన, 140 అయితే ఇంకా బందోబస్తు అనుకుంటారు. ఈ రెండూ వేర్వేరు కొలతలు. వేడెక్కిన 90 గేర్ ఆయిల్ చిక్కదనం దాదాపుగా 40, 50 ఇంజన్ ఆయిల్ స్థాయిలోనే ఉంటుంది. 80డబ్ల్యు-90 చెప్పిన గేర్‌బాక్స్‌లో 140 పోస్తే మోత కొన్నాళ్లు అణుగుతుంది, అరుగుదల ఆగదు. రోగం అలాగే ఉండి నొప్పి మాత్రం పోతే చాలనుకునేవారికి ఇది మంచి మందు.

నీళ్ల విషయంలో ప్రకృతి కూడా మనకు సాయపడుతుంది. ట్రిప్పు కొట్టి వచ్చి, హౌసింగ్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండగానే బండిని కడగడానికి చంపావతిలోకి దింపండి. వేడి మీద వ్యాకోచించిన లోపలి గాలి నీళ్లు తగలగానే ఒక్కసారి కుంచించుకుపోతుంది, బయటి నుంచి ఏది దొరికితే దాన్ని పీల్చుకుంటుంది. ఆ గాలి ఆడడానికే హౌసింగ్ మీద బ్రీదర్ అనే బుడిపె ఉంటుంది, అదే నీటిలో మునిగి ఉంటే పీల్చేది నీళ్లే. ఆ తర్వాత ఆయిల్ పాలు విరివిగా పోసిన టీ రంగుకు తిరుగుతుంది. కోనాడ వైపు నుంచి చేపలు తెచ్చే బళ్లకు ఏట్లో దింపే శ్రమ కూడా లేదు, కరిగిన ఐసుతో ఉప్పునీళ్లు దారి పొడుగునా ఇరుసు మీదికి కారుతూ ఆ బుడిపెను తుప్పు పట్టిస్తాయి. నీళ్లు పోతున్నాయి కదా అని బ్రీదర్‌ను మూసేస్తే ఇంకా మేలు. లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీలు తన్నుకుపోతుంది, ఆయిల్ హబ్బు గుండా బ్రేకు లైనర్ల మీదికి చేరుతుంది. ఈ ముక్క దగ్గర మాత్రం హాస్యం పక్కన పెట్టాలి. సాలూరు దాటి సుంకి ఘాటీలో లోడుతో దిగుతున్న బండికి వెనక బ్రేకు జారిందంటే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

ఓవర్‌లోడు సంగతి అందరికీ తెలిసిందే, 1.7 టన్నుల బండికి మూడు టన్నులెత్తితే కమాను పట్టాల కంటే ముందు మూలిగేది పినియన్ బేరింగే. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షను కింద జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకూ 2,000. ఎవరికీ తెలియనిది టైర్ల సంగతి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్‌కు 1827లో ఫ్రెంచి గడియారాల నిపుణుడు పెకర్ పేటెంటు కోరాడు. హౌసింగ్ లోపలి చిన్న స్పైడర్ గేర్లు మలుపుల్లోనే పనిచేసి, తిన్నని రోడ్డు మీద విశ్రాంతి తీసుకోవాలి. వెనక ఎడమవైపు కొత్త టైరు, కుడివైపు బోడి టైరు వేశారనుకోండి, చుట్టుకొలతలు వేరు గనుక వాటికి విశ్రాంతి ఉండదు. కళ్లం దగ్గర బురదలో ఒక చక్రం దిగబడినప్పుడు యాక్సిలరేటర్ తొక్కిపట్టి ఆ ఒక్క చక్రాన్నే గిర్రున తిప్పితే స్పైడర్ పిన్ను ఇంకా తొందరగా పోతుంది.

ఇంత చెప్పినా “ఇన్నాళ్లూ ఏటీ అవలేదు గదా, ఇప్పుడేటవుద్ది?” అనేవారుంటారు. దానికి ఆధారంగా సాలూరు లారీలను చూపిస్తారు. ఏళ్ల తరబడి ఘాటీ ఎక్కి దిగిన బళ్లవి, వాటికెవడు పుస్తకం చూసి ఆయిల్ మార్చాడు అంటారు. పుస్తకం చూసి ఉండకపోవచ్చు, బండిని చూసేవారు. లారీ మీద క్లీనరని ఒకడుండేవాడు. ఆగిన ప్రతిచోటా హబ్బు మీద చెయ్యి వేసి వేడి చూడడం, ఆయిల్ చెమ్మ ఎక్కడైనా కనిపిస్తే చెప్పడం వాడి పని. ఆ లారీ చాలాకాలం ఒకే యజమాని చేతిలో ఉండేది, చెడితే చెడేది అతని సొత్తే. నేటి పికప్‌కు క్లీనరు లేడు, యజమాని కూడా మారుతూనే ఉంటాడు. అసలు కిటుకు అంతా ఇక్కడే ఉంది. గేర్ ఆయిల్ మార్చని నష్టం బయటపడడానికి పట్టే కాలం, బండి ఒక చేతిలో ఉండే కాలం కంటే ఎక్కువ. మిగిలిన డబ్బు మొదటివాడిది, మోత మూడోవాడిది. ఏ ఒక్కరి లెక్కా తప్పు కాదు. కాకపోతే ఈ సంతలో అమ్మేవాడు ప్రతి ఒక్కడూ అంతకుముందు కొన్నవాడే, మళ్లీ కొనబోయేవాడే. గేర్‌బాక్స్‌లో రంపపు పొట్టు కలిపి మోత వినపడకుండా చేసే మోసం ప్రపంచమంతా ఎంత పాతదంటే, రోల్డ్ డాల్ 1988లో పిల్లల కోసం రాసిన ‘మటిల్డా’లో ఆ అమ్మాయి తండ్రి చేసే వ్యాపారమే అది.

ఇక మోత ఇష్టం లేని మొండివాళ్లుంటారు, వాళ్లకు రెండు ముక్కలు. బండి కొన్నరోజే, ఎవరేం చెప్పినా సరే, రెండు చోట్లా ఆయిల్ దించేసి అక్కడి నుంచి మీ లెక్క మొదలుపెట్టుకోండి. కొంతదూరం తిప్పి ఆయిల్ వేడెక్కాక చదునైన చోట నిలపండి. ముందు పై బోల్టు, అంటే నింపే బోల్టు ఊడదీయండి. కిందిది తీసేసి ఆయిలంతా కారాక పైది పట్టేసిందని తెలిస్తే బండి షెడ్డు దాకా కూడా పోదు. అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి ముద్ద అంటుకుని ఉంటే అది మామూలు అరుగుదల, పెచ్చులూ పన్నుముక్కలూ తగిలితే హౌసింగ్ విప్పాల్సిందే. రాగి వాషరు కొత్తది వేయండి, బ్రీదర్ శుభ్రం చేయండి, కొత్త ఆయిల్ నింపే రంధ్రం అంచు నుంచి కారేదాకా పోసి బిగించండి. అంతకు మించి ఎక్కిస్తే నురగ కట్టి సీళ్ల దగ్గర కారుతుంది. రెండింటికీ కలిపి సాధారణంగా నాలుగైదు లీటర్లు దాటదు. లీటరు ధర వందల్లో ఉంటుంది, క్రౌన్ పినియన్ జత వేలల్లో. దించిన పాత ఆయిల్ 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం, దాన్ని ఏటి గట్టున పారబోయకండి.

కొనబోయేవారికి ఒక మనవి. బేరం కుదిరాక అడ్వాన్సు ఇచ్చేముందు, క్రౌన్ హౌసింగ్ మీది నింపే బోల్టు ఊడదీసి చూపించమని అడగండి. వేలికి అంటిన ఆయిల్ రంగు చూడండి, వాసన చూడండి, రెండు వేళ్ల మధ్య రాపి గరుకు తగులుతోందేమో చూడండి. స్పానరు లేదనో, బోల్టు రాదనో సాకు చెబితే ఆ బండికి అడ్వాన్సు ఇవ్వకండి.